పిల్లాడికి డబ్బులిస్తే ఉన్న ఇష్టం కూడా పోయిందండి, ఎందుకంటారు?

చెరువుగట్టు · రాత్రి 9:10

అందరికీ నమస్కారం అండి. మాది భీమవరం పక్కన పల్లెటూరు. మూడు చెరువులు, వనామీ రొయ్యలు వేస్తాం. రొయ్యల సంగతులకి వేరే విభాగం ఉందని తెలుసు. ఇది పిల్లాడి సంగతి.

మావాడు ఏడో తరగతి. రెండేళ్ళుగా సాయంత్రం బడి నుంచి రాగానే సంచి విసిరేసి నా వెనకాలే గట్టు మీదికి వచ్చేవాడు. బల్ల చివరి దాకా వెళ్ళి చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలిందో చూసి, ఒక రొయ్యని అరచేతిలో పెట్టుకుని పేగు నిండుగా ఉందో లేదో వెలుతురుకి ఎత్తి చూసేవాడు. అదంతా నోట్‌బుక్‌లో బొమ్మలు వేసి రాసేవాడు. ఎవరూ చెప్పలేదు, వాడికి వాడే మొదలుపెట్టాడు. వేసవిలో ముచ్చటేసి "ఒరేయ్, చెరువుకి ఇరవై రూపాయలిస్తా, రోజూ చూసిపెట్టు" అన్నాను. రోజుకి 60. నెలన్నర బాగానే చేశాడు. తర్వాత చేతిలో డబ్బాడక ఇవ్వడం మానేశాను. ఇప్పుడు రమ్మంటే "ఎంతిస్తావ్?" అంటాడు. ఇస్తానన్నా బద్ధకమే. నోట్‌బుక్ ఫ్రిజ్ మీద పడి ఉంది.

మా ఆవిడ "నువ్వే చెడగొట్టావు" అంటోంది. నిజమేనా? చదువుకున్నవాళ్ళు చెప్పండి.

రాజమండ్రి_లెక్చరర్ · రాత్రి 9:48

అన్నయ్యగారూ, మీరు అడిగింది సైకాలజీలో 50 ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. నేను డిగ్రీ పిల్లలకి ఇదే పాఠం చెబుతాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే సహజంగానే ఇష్టమున్న పిల్లల్ని ఏరుకున్నారు. మూడు నుంచి ఐదేళ్ళ వాళ్ళు, 51 మంది. కొందరికి "బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మిగిలినవాళ్ళకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాలు ఆగి, పెన్నులు బల్ల మీద మామూలుగా వదిలేసి, అద్దం చాటు నుంచి చూశారు. ముందే బేరం కుదుర్చుకున్న పిల్లలు మిగతావాళ్ళలో సగం సేపే బొమ్మలు వేశారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్ళకి మాత్రం ఇష్టం ఏమీ తగ్గలేదు.

అంటే చెడగొట్టింది బహుమతి కాదు, బేరం. "నాకిష్టమై చేస్తున్నాను" అనుకునే పిల్లాడు "దానికోసం చేస్తున్నాను" అనుకోవడం మొదలుపెడతాడు. అది ఆగిపోతే పనికి కారణమే ఉండదు.

దీనికి రెండేళ్ళ ముందు, 1971లో, ఎడ్వర్డ్ డెసీ పెద్దవాళ్ళ మీద ఇలాంటిదే చేశాడు. సోమా అనే ముక్కల పజిల్ కాలేజీ కుర్రాళ్ళకి ఇచ్చి, రెండో రోజు ఒక గుంపుకి పజిల్‌కి ఒక డాలరు ఇచ్చాడు. మూడో రోజు డబ్బు ఆపేశాడు. మధ్యలో ఏదో పని ఉన్నట్టు గది బయటికి వెళ్ళేవాడు. గదిలో పత్రికలు కూడా ఉండేవి. తను లేనప్పుడు వాళ్ళు పజిల్ పట్టుకుంటారా, పత్రిక పట్టుకుంటారా అన్నదే అసలు లెక్క. డబ్బు రుచి చూసినవాళ్ళు మూడో రోజు పజిల్ ముట్టుకునే సమయం తగ్గింది.

అనుమానాలపుట్ట · రాత్రి 10:05

అయితే రేపటి నుంచి కోతకి వచ్చే కూలీలకి డబ్బులివ్వడం మానేద్దామా మేడమ్? ఇష్టంగా కోస్తారేమో.

బీటెక్_బాబు · రాత్రి 10:09

😂😂 మా కంపెనీ హెచ్చార్ ఈ థ్రెడ్ చూడకుండా ఉండాలి దేవుడా.

రాజమండ్రి_లెక్చరర్ · రాత్రి 10:31

అనుమానాలపుట్ట గారూ, మీరిలాంటిది అడుగుతారని అనుకుంటూనే ఉన్నాను. ఈ ఫలితం ముందునుంచీ ఇష్టం ఉన్న పనికే. ఎండలో నడుం వంచి వరి కోయడం ఎవరికీ ఆట కాదు కదా, అక్కడ కూలి తగ్గించేది ఏమీ లేదు. ఇంకోటి, దీని మీద పెద్ద గొడవే జరిగింది. 1994లో కామెరాన్, పియర్స్ అనే ఇద్దరు పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్క కట్టి "బహుమతులతో వచ్చే నష్టం పెద్దగా లేదు" అన్నారు. 1999లో డెసీ వాళ్ళు 128 ప్రయోగాలు కలిపి మళ్ళీ లెక్క కట్టి "ముందే చెప్పి చేతికిచ్చే వస్తువులతో, డబ్బుతో నష్టం ఉంది. మెచ్చుకునే మాటతో ఇష్టం పెరుగుతుంది" అన్నారు. నేను రెండో పక్షం.

లేసుపని · రాత్రి 10:58

నేను ఎక్కువగా చదువుతాను, తక్కువగా రాస్తాను. కానీ ఇది మా ఇంటి సంగతి కాబట్టి.

మాది నర్సాపురం. అమ్మమ్మ, అమ్మ, నేను, ముగ్గురం లేసు అల్లినవాళ్ళమే. నాకు ఎనిమిదేళ్ళప్పుడే సూది చేతికొచ్చింది. అరుగు మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, నూలు చూపుడు వేలికి చుట్టుకుని, మాట్లాడుతూనే అల్లేస్తాం. చూడనక్కర్లేదు. ఏజెంటు ఇంటికొచ్చి నూలు ఇచ్చి, అల్లిన పూలు తీసుకుని డబ్బులిస్తాడు. ఆ డబ్బులు ఎంత తక్కువో చెబితే నవ్వుతారు.

మేడం చెప్పినట్టయితే మాకు ఈ పాటికి సూది చూస్తేనే అసహ్యం పుట్టాలి. సగం నిజమే. ఏజెంటు పూలు అల్లేటప్పుడు అమ్మ "ఇంకా ఎన్ని, ఇంకా ఎన్ని" అని లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఒక వరస తప్పినా ఊడదీయదు, "వాడికేం తెలుస్తుందే" అంటుంది. అదే అమ్మ, మా పాపకి గౌను అల్లుతూ మెడ దగ్గర ఒక్క కుట్టు వదులైందని రెండు రోజుల పని మొత్తం ఊడదీసింది. అదే సూది, అదే నూలు, అవే చేతులు. దానికేమంటారు?

రాజమండ్రి_లెక్చరర్ · రాత్రి 11:20

అమ్మా, నా పాఠం కన్నా మీ అమ్మగారి మెడ కుట్టే బాగుంది. రేపు క్లాసులో చెప్పుకుంటాను, అనుమతి ఇవ్వండి.

డెసీ, రయన్ కలిసి 1985 నాటికి దీన్ని ఒక సిద్ధాంతంగా కట్టారు, స్వయం నిర్ణయ సిద్ధాంతం అంటాం. మనిషికి మూడు కావాలి. నా పని నా చేతుల్లో ఉండటం, నాకు వచ్చు అనిపించడం, నావాళ్ళతో ముడిపడి ఉండటం. ఏజెంటు పనిలో నమూనా వాడిదే, లెక్క వాడిదే, తొడుక్కునేదెవరో తెలియదు. గౌనులో మూడూ ఉన్నాయి. డబ్బు విషం కాదు. ఆ డబ్బు "నువ్వు బాగా చేశావు" అని చెబుతోందా, "నేను చెప్పినట్టు చెయ్" అని చెబుతోందా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

లేసుపని · రాత్రి 11:24

చెప్పుకోండి మేడం. అమ్మకి చెబితే నవ్వింది.

బీటెక్_బాబు · మర్నాడు ఉదయం 8:15

మాకు మేనేజ్‌మెంట్ పేపర్‌లో మాస్లో పిరమిడ్ ఉంది. అడుగున తిండి, పైన భద్రత, తర్వాత ప్రేమ, గౌరవం, శిఖరాన ఆత్మసాక్షాత్కారం టైపు ఏదో. కింద మెట్టు నిండితేనే పై మెట్టు అని రాస్తే ఐదు మార్కులు వచ్చాయి. ఇదీ అదీ కలుస్తాయా?

లంకమనిషి · ఉదయం 9:02

మార్కులు వేసినాయన లంకల్లో ఎప్పుడూ ఉండలేదు బాబూ.

2022 జూలైలో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 17 లక్షల క్యూసెక్కులకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆసారి 25 లక్షలు దాటింది. మా లంక మొత్తం మునిగింది. పడవ మీద తెచ్చి గట్టు అవతల బడిలో పెట్టారు. మా నాయనమ్మ అప్పటికి పూటన్నర నుంచి ఏమీ తినలేదు. పులిహోర పొట్లాలు వచ్చాయి, జనం వరస కట్టారు. ఆవిడ లేవలేదు. "నలుగురికి వడ్డించిన చెయ్యిరా ఇది, చాపమంటావా?" అంది. ఆఖరికి పొట్లాలు పంచే కుర్రాడే వచ్చి "మామ్మగారూ, అందరికీ సరిపోతాయో లేదో మీరు కాస్త లెక్క చూడండి" అన్నాడు. లేచింది, లెక్క చూసింది, అందరూ తిన్నాక తనూ తింది. ఆ కుర్రాడు ఏం చదివాడో గానీ మనిషిని చదివాడు.

ఆకలి అడుగు మెట్టు అయితే ఆవిడ పైమెట్టు మీద కూర్చుని ఎలా ఉందండి?

రాజమండ్రి_లెక్చరర్ · ఉదయం 10:40

పాపం మాస్లోని తిట్టకండి. 1943 వ్యాసంలో ఆయన పిరమిడ్ గియ్యనేలేదు. ఆ బొమ్మ తర్వాత మేనేజ్‌మెంట్ పుస్తకాలవాళ్ళు అంటించింది. ఈ వరస రాతి మీద చెక్కినట్టు ఉండదని, కొందరికి గౌరవమే ముందొస్తుందని ఆ వ్యాసంలోనే రాశాడు. కింద అవసరం నూటికి నూరు పాళ్ళు నిండాలని కూడా అనలేదు. మామూలు మనిషికి తిండీ నిద్రా లాంటివి 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, గౌరవం 40, తన్ను తాను పండించుకోవడం 10 శాతం తీరి ఉంటాయేమో అని ఊరికే ఊహకి అంకెలు వేసి చూపించాడు. పరీక్ష పేపర్లో ఇవేవీ అడగరు.

అనుమానాలపుట్ట · ఉదయం 10:52

అంకెలు ఊహకి వేశాడని మీరే అన్నారు. సంతోషం.

బీటెక్_బాబు · ఉదయం 11:30

మరి సంక్రాంతి పందాలు? మా బాబాయి ప్రతి భోగికీ "ఇదే ఆఖరు" అంటాడు. పోయినా వెళ్తాడు, వచ్చినా వెళ్తాడు. ఏ మెట్టు అది?

రాజమండ్రి_లెక్చరర్ · మధ్యాహ్నం 1:05

అది పావురాలతో ప్రయోగాలు చేసిన స్కిన్నర్ అనే సైకాలజిస్టు ఖాతా. మీటని ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. గింజలు ఆపేశాక కూడా చాలాసేపు మానదు. నీ చేతిలో రీల్స్ కూడా అంతే నాన్నా, తర్వాతది బాగుంటుందేమో, తర్వాతది బాగుంటుందేమో.

ఇంకో సంగతి. కెంట్ బెరిడ్జ్ అనే ఆయన ఎలుకల మెదడులో డోపమిన్ దాదాపు లేకుండా చేసి చూశాడు. అవి తిండి వెతుక్కోవు, ఎదురుగా ఉన్నా తినవు. కానీ నోట్లో తీపి చుక్క వేస్తే చప్పరిస్తాయి, ఆ మొహంలో ఇష్టం అలాగే ఉంటుంది. అంటే కావాలనిపించడం వేరు, బాగుందనిపించడం వేరు. రాత్రి ఒంటిగంటకి రీల్స్ చూసేవాళ్ళ మొహాలు ఎప్పుడైనా చూడండి, ఆనందం ఎక్కడా కనపడదు, వేలు మాత్రం ఆగదు.

మోడరేటర్ · మధ్యాహ్నం 1:40

పందెం పుంజుల అమ్మకం వ్యాఖ్యలు నాలుగు తీసేశాను. పందాలు చట్టవిరుద్ధం. విషయం మీద ఉండండి.

లంకమనిషి · సాయంత్రం 6:20

ప్రేరణ సంగతి అయింది కాబట్టి నాదొక అనుమానం. ఆ వరద రాత్రే, నీళ్ళు పెరట్లోకి వచ్చినప్పుడు నేను దూడని భుజాన వేసుకుని గట్టు ఎక్కాను. ఎక్కేదాకా భయమన్న మాటే తెలియదు. పైకెక్కి దూడని దించాక కాళ్ళు చూసుకుంటే వణుకుతున్నాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి. అప్పుడు వేసింది భయం. ప్రమాదం దాటిపోయాక భయం వేయడమేంటి?

రాజమండ్రి_లెక్చరర్ · సాయంత్రం 7:15

మీరు చెప్పినదాన్నే 1884లో విలియం జేమ్స్ పట్టుకున్నాడు. భయం వేసి వణుకుతామని మనం అనుకుంటాం. కాదు, వణుకుతున్నాం కాబట్టి భయం వేస్తుందన్నాడు. ఒంట్లో వచ్చిన మార్పుని మనసు పసిగట్టడమే ఉద్వేగం. మర్నాటి ఏడాదే డెన్మార్క్‌లో కార్ల్ లాంగె దాదాపు ఇదే అన్నాడు. అందుకని జేమ్స్-లాంగె సిద్ధాంతం.

1927లో వాల్టర్ కానన్ దీన్ని ఉతికేశాడు. గుండెదడ, చెమట కోపంలోనూ వస్తాయి, భయంలోనూ వస్తాయి, జ్వరంలోనూ వస్తాయి. అవే ఉద్వేగమైతే తేడా ఎలా తెలుస్తుంది? పైగా పేగులూ గ్రంథులూ నెమ్మది, మనసు తొందర. ఆ నరాల సంబంధాన్ని తెంచిన పిల్లులు కూడా కుక్కని చూసి బుస్సుమంటూనే ఉన్నాయని చూపించాడు. పోరాడు లేదా పారిపో అని మనం ఇప్పుడు వాడే మాట కూడా ఆయన పుణ్యమే.

మధ్యే మార్గం 1962లో షాక్టర్, సింగర్‌లది. విటమిన్ పరీక్ష అని చెప్పి కుర్రాళ్ళకి అడ్రినలిన్ సూది వేశారు. గుండె దడ వస్తుందని కొందరికి చెప్పారు, కొందరికి చెప్పలేదు. తర్వాత పక్కన ఒక నటుణ్ణి కూర్చోబెట్టారు, ఒక గదిలో గంతులేసే నటుడు, ఇంకో గదిలో చిర్రుబుర్రులాడే నటుడు. దడ ఎందుకో తెలియనివాళ్ళు పక్కవాడి ధోరణిలో పడ్డారు. ఒంట్లో కదలిక ఒకటే, దానికి పేరు పెట్టేది చుట్టూ ఉన్న పరిస్థితి అని వాళ్ళ మాట.

బీటెక్_బాబు · సాయంత్రం 7:31

పంటు మీద గోదావరి దాటేటప్పుడు పక్కనున్న అమ్మాయి బాగుందనిపిస్తుంది, దిగాక మామూలే. అది ఇదేనా?

రాజమండ్రి_లెక్చరర్ · సాయంత్రం 7:50

నవ్వకండి, ఈ ప్రశ్న మీద నిజంగానే ప్రయోగం ఉంది. 1974లో డటన్, ఆరన్ కెనడాలో కాపిలానో అనే వేలాడే వంతెన మీద చేశారు. సుమారు 70 మీటర్ల ఎత్తు, ఐదడుగుల వెడల్పు, అడుగు వేస్తే ఊగుతుంది. మధ్యలో ఒక అమ్మాయి నిలబడి మగవాళ్ళని ప్రశ్నలడిగి తన ఫోన్ నంబర్ ఇచ్చింది. నంబర్ తీసుకున్న 18 మందిలో 9 మంది తర్వాత ఫోన్ చేశారు. గట్టిగా, తక్కువ ఎత్తులో ఉన్న వంతెన మీద అదే పని చేస్తే 16 మందిలో ఇద్దరు. వంతెన దడని అమ్మాయి ఖాతాలో వేసుకున్నారన్నమాట.

అనుమానాలపుట్ట · రాత్రి 8:22

మేడమ్, రెండు మాటలు. ఊగే వంతెన మీదికి అసలు వెళ్ళేవాడే కాస్త తెగువ ఉన్నవాడు. తెగువ ఉన్నవాడు ఫోనూ చేస్తాడు. వంతెనకేం సంబంధం? ఇక ఆ అడ్రినలిన్ ప్రయోగం, 1979లో మార్షల్, జింబార్డో మళ్ళీ చేస్తే సరిగ్గా రాలేదు. అదే ఏడాది మస్లాక్ చేసినా రాలేదు. కారణం తెలియని దడ వస్తే జనం పక్కవాడు గంతులేస్తున్నా సరే కంగారే పడ్డారు. పాఠంలో మొదటి సగమే ఎందుకు చెబుతారు?

రాజమండ్రి_లెక్చరర్ · రాత్రి 8:40

మొదటిదానికి వాళ్ళూ జవాబు వెతికారు. వంతెన దాటి వచ్చి కాసేపు కూర్చుని తేరుకున్నవాళ్ళతో పోల్చి చూస్తే అప్పుడూ తేడా కనిపించింది. రెండోది ఒప్పుకుంటున్నాను. సిలబస్‌లో లేదు, అయినా చెప్పాల్సింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · రాత్రి 11:55

కారణం తెలియని దడ అంటే కంగారే అన్నారు కదా, అది నేను రోజూ చూస్తాను. మొన్న రెండు దాటాక ఒక ట్రాక్టర్ డ్రైవర్‌ని తీసుకొచ్చారు. 24 ఏళ్ళు. గుండెపోటు అని ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు. ఈసీజీ బాగుంది, బీపీ కాస్త ఎక్కువ. చేతి వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి, వేగంగా ఊపిరి తీస్తే అలా అవుతుంది. డాక్టరుగారు చూసి గుండెకేం లేదన్నాక నేను పక్కన కూర్చుని "నాతో పాటు వదులు బాబూ, నెమ్మదిగా" అంటూ పది నిమిషాలు ఊపిరి లెక్కపెట్టించాను. వేళ్ళు విప్పుకున్నాయి. అప్పుడు చెప్పాడు, చెల్లెలి పెళ్ళి అప్పు, పొద్దున్నించీ తిండి లేదు, నాలుగు టీలు.

1986లో డేవిడ్ క్లార్క్ అనే ఆయన పానిక్ గురించి ఇదే చెప్పాడని ట్రైనింగ్‌లో విన్నాను. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే "పోతున్నాను" అని అర్థం చేసుకుంటారు, ఆ అర్థంతో ఇంకా దడ, దాంతో ఇంకా భయం. కానీ ఇది చదివి ఛాతీ నొప్పి వస్తే ఇంట్లో కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకోకండి. ముందు ఆసుపత్రి, ఈసీజీ. సిద్ధాంతం తర్వాత.

తెలుగు_మాస్టారు · మూడో రోజు ఉదయం 6:10

రిటైరయ్యాక ఇదే కాలక్షేపం నాకు. అందరివీ చదివాను. ఒళ్ళు ముందా మనసు ముందా అని జేమ్స్, కానన్ కొట్టుకున్నది బాగుంది. మన భాష ఎప్పుడో ఒళ్ళు పక్షాన ఓటేసింది. గుండె జారింది, కడుపు తరుక్కుపోయింది, ఒళ్ళు మండింది, కాళ్ళూ చేతులూ ఆడలేదు, గుండె చెరువైంది. అన్నీ ఒంటి మాటలే.

భరతుడి నాట్యశాస్త్రం ఇంకాస్త శ్రద్ధగా విడదీసింది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు పోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. ఈ ఎనిమిదీ సాత్త్విక భావాలు, అంటే ఉద్వేగం ఒంటి మీద తేలే గుర్తులు. వణుకు భయంలోనూ ఉంది, శృంగారంలోనూ ఉంది అని ఆయనకి తెలుసు. అందుకే వణుకు ఒక్కటే చూసి రసం తేల్చకూడదు. విభావం, అంటే ఎదుట ఏముంది అన్నది కూడా కలవాలి. షాక్టర్ గారికి సూది అవసరమైంది.

నా అసలు మాట ఇది. పాల్ ఎక్‌మన్ అనే ఆయన కోపం, జుగుప్స, భయం, సంతోషం, దుఃఖం, ఆశ్చర్యం అని ఆరు మూల ఉద్వేగాలు చెప్పాడట. భరతుడి స్థాయీ భావాలు, అంటే రసాలకి మూలమైన నిలకడ భావాలు, రతి, హాసం, శోకం, క్రోధం, ఉత్సాహం, భయం, జుగుప్స, విస్మయం. రెండూ పక్కన పెట్టి చూడండి. ఆ జాబితాలో లేనివి ఇక్కడ ఉన్నవి రెండు, రతి, ఉత్సాహం. ఉత్సాహమంటే పని మీదికి మనిషిని లేపేది. వీర రసానికి మూలం అదే. మీరు ప్రేరణ అని ఒక పాఠం, ఉద్వేగం అని ఇంకో పాఠం చెప్పుకుంటున్నారు. ఆయన ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడు.

రాజమండ్రి_లెక్చరర్ · ఉదయం 7:30

మాస్టారూ, నమస్కారం. ఇంగ్లీషులో మోటివేషన్, ఎమోషన్ రెండు మాటలకీ లాటిన్‌లో మూలం ఒకటే, కదిలించడం. మా పుస్తకాల్లో కూడా రెండూ ఒకే అధ్యాయంలో ఉంటాయి. ఎందుకని ఒక్క విద్యార్థీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అనుమానాలపుట్ట · ఉదయం 9:00

మాస్టారు చెప్పింది బాగుంది కానీ నాటకం చూసే రసికుడి సంగతి వేరు, చెరువు గట్టు మీద పిల్లాడి సంగతి వేరు. అసలు మనిషిని అందరం మర్చిపోయాం. చెరువుగట్టు గారూ, ఒక ప్రశ్న. డబ్బులివ్వడం ఎప్పుడు ఆపారు? ఎందుకు ఆపారు? డబ్బు ఆగిన రోజే ఇంట్లో ఇంకేదైనా మారిందా? ఒకేసారి రెండు మారితే దేనివల్ల అన్నది ఏ సిద్ధాంతమూ చెప్పలేదు.

చెరువుగట్టు · రాత్రి 12:40

గట్టిగా పట్టుకున్నారు.

వైట్ స్పాట్ వచ్చిందండి, రొయ్యలకొచ్చే వైరస్ జబ్బు. 45 రోజులకే పట్టేశాం, రొయ్య ఇంకా చిన్నదే, వచ్చినకాడికి ఇచ్చేశాం. అంతకు ముందు పంటా అంతే. డబ్బులాగింది అప్పుడే. నిజం చెప్పాలంటే నాకే గట్టు మీదికి వెళ్ళబుద్ధి కావట్లేదు. ఒక చెరువులోనే మళ్ళీ సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేశాను. నీళ్ళ పరీక్ష చేయించమంటే "చేసి ఏం లాభం" అనిపిస్తోంది. నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ తిరుగుతుంటే చూస్తూ కూర్చుంటున్నాను. ఇంట్లో ఇంతమాత్రం మాట్లాడలేదు, ఇక్కడ రాస్తున్నాను.

రాజమండ్రి_లెక్చరర్ · ఉదయం 6:55

అన్నయ్యగారూ, చెప్పడమే మంచిదయింది.

1967లో సెలిగ్‌మన్, మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగం ఉంది. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కల్లో చాలావాటిని తర్వాత గోడ దూకితే చాలు తప్పించుకోగల చోట పెట్టినా కదల్లేదు. నిస్సహాయతని నేర్చుకున్నాయి అన్నారు. దాదాపు 50 ఏళ్ళ తర్వాత, 2016లో, వాళ్ళిద్దరే తమ మాటని తిరగేశారు. మెదడు సంగతులు చూశాక తేలింది ఏంటంటే, ఎడతెగని దెబ్బలకి ముడుచుకుపోవడం ప్రాణికి నేర్చుకోకుండానే వచ్చే స్పందన. నేర్చుకోవాల్సింది "ఇది నా చేతిలో ఉంది" అన్నది. మీరు బద్ధకస్తులు కాదు, చెడిపోనూ లేదు. నీళ్ళ పరీక్ష చేయించడం లాంటి చిన్నదొకటి, ఫలితం మీ కళ్ళకి కనపడేది, ముందు చేయండి. నిద్ర, తిండి కూడా తగ్గితే డాక్టర్ని కలవండి.

లంకమనిషి · ఉదయం 7:20

2011లో కోనసీమ రైతులం పంట విరామం ప్రకటించాం గుర్తుందా. అది ముడుచుకుపోవడమో, చెయ్యి ఎత్తడమో ఇప్పటికీ నాకు తెలియదు. కానీ కలిసి మానేసినప్పుడు ఇంత బరువు అనిపించలేదు. అన్నయ్యా, ఒంటరిగా మోయకు. ఆదివారం వస్తాను, భీమవరం ఎంత దూరం.

చెరువుగట్టు · ఐదో రోజు సాయంత్రం 5:45

నీళ్ళు పరీక్షకి ఇచ్చాను. అది పక్కన పెట్టండి, అసలు సంగతి తెలిసింది.

నిన్న రాత్రి పక్కన పడుకోబెట్టుకుని నెమ్మదిగా అడిగాను. డబ్బుల గురించి కాదు, "చెరువంటే ఇష్టం లేదా నాన్నా" అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గోడ వైపు తిరిగి చెప్పాడు. చెక్ ట్రే కింద, బల్లకి చుట్టుకుని పాము ఉందట. ట్రే లాగుతుంటే చెయ్యి పక్కనే తల ఎత్తిందట. ట్రే వదిలేసి పరిగెత్తుకొచ్చేశాడు. నాకు చెబితే నవ్వుతానని చెప్పలేదు. "ఎంతిస్తావ్ అంటే నువ్వు ఇవ్వనంటావని, రానక్కర్లేదని" అన్నాడు.

చెల్లెమ్మా, మీ నక్షత్రాలూ రిబ్బన్లూ అన్నీ చదివి మా ఆవిడకి కూడా వినిపించాను.

అనుమానాలపుట్ట · సాయంత్రం 5:52

😂 నేను కూడా పంట పోవడం వల్లే అనుకున్నాను. నాదీ తప్పే.

రాజమండ్రి_లెక్చరర్ · సాయంత్రం 6:30

నాకు తలకొట్టేసినట్టుంది. ఐదు రోజులు ప్రేరణ పాఠం చెప్పాను, పిల్లాడిది భయం. మాస్టారు ఒకే పంక్తి అన్నప్పుడైనా తట్టాల్సింది.

పాముల మీద మినెకా, కుక్‌ల పని ఒకటి చెప్పి ఊరుకుంటాను. ల్యాబ్‌లో పుట్టిన కోతులకి పామంటే భయం లేదు. ఇంకో కోతి పాముని చూసి బెదరడం వీడియోలో చూపిస్తే వెంటనే నేర్చుకున్నాయి. అదే వీడియోలో పాము బదులు పువ్వు పెట్టి, పువ్వుని చూసి బెదిరినట్టు చూపిస్తే నేర్చుకోలేదు. మావాడికి ధైర్యం లేదని మాత్రం అనకండి.

పోగొట్టే దారి 1924లోనే మేరీ కవర్ జోన్స్ చూపించింది. కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నపిల్లాడు. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలు బోనుని గదికి ఆ చివర పెట్టించేది. రోజుకి కాస్త దగ్గరికి. చివరికి ఒళ్ళో పెట్టుకున్నాడు. బలవంతంగా బల్ల మీదికి లాక్కెళ్ళకండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ · సాయంత్రం 6:48

పాముని మాత్రం ఒళ్ళో పెట్టించకండి బాబోయ్! ఇది కుందేలు కాదు, భయం తప్పు కూడా కాదు. గమ్‌బూట్లు, టార్చ్, చేతిలో కర్ర, ట్రే లాగే ముందు బల్ల మీద నాలుగు దెబ్బలు. గట్టు మీద గడ్డి కొట్టించండి. ఎప్పుడైనా కరిస్తే కట్లు బిగించడం, కొయ్యడం, మంత్రం ఏవీ వద్దు. కదలకుండా ఉంచి నేరుగా పెద్దాసుపత్రికి.

చెరువుగట్టు · తొమ్మిదో రోజు రాత్రి 8:15

గడ్డి కొట్టించాను. మొన్న మోటారు షెడ్డు దాకా వచ్చాడు, పకోడీ పొట్లం చేతిలో పట్టుకుని అక్కడే తిన్నాడు. నిన్న బల్ల మొదట్లో నిలబడ్డాడు. నేను ట్రే లాగి రొయ్యని చూపిస్తే అక్కణ్ణించే "పేగు సగమే ఉంది నాన్నా" అన్నాడు. ఇవాళ నోట్‌బుక్ ఫ్రిజ్ మీద లేదు, అడగలేదు నేను.

భీమవరంలో గమ్‌బూట్లు కొన్నాం కానీ ఐదో నంబరు బిగుతైపోయింది. రేపు బడి అయ్యాక ఇద్దరం వెళ్ళి ఆరో నంబరుకి మార్చుకొస్తాం.